1996లో రిజిస్టరైన పొలం, 1బీలో ఇంకా అమ్మినవారి కొడుకుల పేర్లు: ఏ రికార్డు ఏ ఆఫీసులో ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలి

అడిగిన ప్రశ్న ఇది: "కృష్ణా డెల్టాలోని మా ఊళ్లో నాన్నగారు 1996లో సర్వే నంబరు 124/2లోని 3 ఎకరాల 10 సెంట్లలో 1 ఎకరం 42 సెంట్లు రిజిస్టర్డ్ దస్తావేజుతో కొన్నారు. అప్పటి నుంచీ సాగు మాదే. నాన్నగారు 2021లో పోయారు. ఇప్పుడు 1బీ (ఏ భూమికి ఎవరు పట్టాదారో చూపే రెవెన్యూ రికార్డు) తీయిస్తే అమ్మినాయన ఇద్దరు కొడుకుల పేర్లు, చెరో 1.55 ఎకరాలకు, వస్తున్నాయి. 2016లో వారసత్వం కింద ఎక్కాయట. తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లమంటారు, అక్కడ మళ్లీ తహసీల్దార్ దగ్గరికే పొమ్మంటారు. ఊళ్లో ఇంటికి పంచాయతీ పన్ను రసీదులు తప్ప కాగితం లేదు. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ముందు కంగారు పడకండి. రిజిస్టర్డ్ దస్తావేజు ఉంది, సాగు మీదే. ఈ రెండూ ఉన్నవాళ్లకు 1బీలో పేరు లేకపోవడం సరిచేసుకోగలిగిన లోపమే. కాకపోతే తొందరపడాలి. ఆ ఇద్దరి పేర్లు 1బీలో ఉన్నంతకాలం వాళ్లు ఆ పొలం మీద బ్యాంకులో అప్పు తీసుకోగలరు, ఇంకొకరికి రాసివ్వగలరు కూడా.

మిమ్మల్ని అటూ ఇటూ తిప్పడానికి కారణం, రెండు ఆఫీసుల్లో ఉన్నవి రెండు వేర్వేరు రికార్డులు కావడం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండేది కాగితం చరిత్ర. ఫలానా తేదీన ఫలానా ఆయన ఫలానా ఆయనకు ఈ చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) మధ్య ఉన్న భూమిని అమ్ముతున్నానని సంతకం పెట్టాడు, వేలిముద్ర వేశాడు, సాక్షులు గుర్తుపట్టారు అన్నంతవరకే అది చెబుతుంది. అమ్మినాయనకు నిజంగా హక్కు ఉందా లేదా అన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ తేల్చే పని కాదు. తహసీల్దార్ ఆఫీసులో ఉండేది భూమి లెక్క. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం ఉంది, పట్టాదారు ఎవరు, అనుభవంలో ఎవరున్నారు అన్నది అక్కడ ఉంటుంది. పంచాయతీలో ఉండేది పన్ను లెక్క. మూడింటిలో ఏ ఒక్కటీ మిగతా రెండింటి పని చేయదు. వీటి మధ్య తేడా వచ్చి హక్కు ఎవరిదన్న తగాదా లేస్తే తేల్చేది సివిల్ కోర్టు. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) వల్ల కొత్తగా హక్కు రాదు, లేనందువల్ల ఉన్న హక్కు పోదు అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట మీకు ఇక్కడ అనుకూలం. రేపు మీ పేరు 1బీలోకి ఎక్కాక కూడా అదే మాట వర్తిస్తుంది, అందుకని దస్తావేజు అసలు ప్రతి భద్రంగా ఉంచుకోవాలి.

అసలు 1996లో ఏం జరిగి ఉండాలి? 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాస్ పుస్తకాల చట్టం (అందరూ ఆర్ఓఆర్ చట్టం అంటారు) సెక్షన్ 4 ప్రకారం భూమి మీద హక్కు వచ్చినవాళ్లు 90 రోజుల లోపు ఆ సంగతి తహసీల్దార్‌కు రాతపూర్వకంగా తెలపాలి, ఆయన రసీదు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ చేసిన అధికారి కూడా తన వైపు నుంచి సమాచారం పంపాలి. ఇప్పుడు ఆ సమాచారం కంప్యూటర్లో వెళుతుంది. అప్పట్లో కాగితమే, అది మండలం ఆఫీసుకు చేరాక ఫైలుగా మారేదో లేదో ఎవరూ చూసుకునేవారు కాదు. కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ అయింది కదా, పని అయిపోయింది అనుకున్నారు. దానికి ముందే ఇంకో దెబ్బ ఉంది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఆ మార్పులో గ్రామ లెక్కలు ఎన్నో చేతులు మారాయి. తర్వాత అవే లెక్కలను కంప్యూటర్లోకి ఎక్కించారు. పుస్తకంలో మారని పేరు కంప్యూటర్లోనూ మారలేదు. అమ్మినాయన చనిపోయాక ఆయన కొడుకులు వారసత్వం అర్జీ పెట్టుకుంటే, రికార్డు ప్రకారం మొత్తం ఆయనదే కాబట్టి మొత్తం వాళ్లకు ఎక్కింది. వాళ్లు కావాలని చేశారో, తెలియక మొత్తం ఖాతా మీద అర్జీ పెట్టారో ఇప్పుడే తేల్చేయకండి. ఇలాంటివాటిలో చాలా భాగం రెండోదే. ఊళ్లోవాళ్లే కాబట్టి ముందు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లి దస్తావేజు చూపించండి. వాళ్లు అభ్యంతరం లేదని సంతకం చేస్తే, సంవత్సరాలు పట్టే పని వారాల్లో అవుతుంది.

ఇక కాగితాలు పోగుచేయడం. అర్జీ పెట్టక ముందే ఇది పూర్తి కావాలి. సగం కాగితాలతో పెట్టిన అర్జీ తిరస్కరణకు గురైతే, ఆ తిరస్కరణ ఆర్డరు కూడా మీ ఫైలులో మీకు వ్యతిరేకంగా కూర్చుంటుంది.

మొదట మీ దస్తావేజు మొదటి కాగితం వెనక్కు తిప్పి చూడండి. అక్కడ సబ్ రిజిస్ట్రార్ రాసిన ఎండార్స్‌మెంట్లు ఉంటాయి: ఏ రోజు ఎన్ని గంటలకు దాఖలైంది, ఎవరు రాసిచ్చినట్టు ఒప్పుకున్నారు, ఎవరు గుర్తుపట్టారు, ఎడమ బొటనవేలి ముద్ర. చివర్లో "1వ పుస్తకము, ఫలానా వాల్యూము, ఫలానా పేజీలు, 1996వ సంవత్సరపు ఇన్నవ నంబరుగా రిజిష్టరు చేయబడినది" అన్న వాక్యం, సంతకం, సీలు ఉంటాయి. ఆ వాక్యంలోని అంకెలే మీ దారి. ఒకటో పుస్తకం స్థిరాస్తి దస్తావేజులది, మూడో పుస్తకం వీలునామాలది, నాలుగోది ఇతరాలది. ఒకటో పుస్తకంలోని ఏ దస్తావేజుకైనా ఫీజు కట్టి ఎవరైనా సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు. అది రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ఇచ్చిన హక్కు. అసలు చేతిలో ఉన్నా సరే, ఒక సర్టిఫైడ్ నకలు తీసుకోండి. తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చేది నకలు, చూపించేది అసలు. అసలు ప్రతిని ఎవరి చేతిలోనూ, ఒక్కరోజుకైనా, వదిలిపెట్టి రావద్దు.

తర్వాత ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో అర్జీ పెట్టి పాత ఇండెక్సులు వెతికించుకోవాలి. ఈసీని మూడు రకాలుగా తీయండి: దస్తావేజు నంబరు, సంవత్సరం ఇచ్చి ఒకసారి, సర్వే నంబరు ఇచ్చి ఒకసారి, అమ్మినాయన పేరు మీద ఒకసారి. ఎందుకంటే 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అంతకు ముందటి దస్తావేజుల వివరాలు తర్వాత కూర్చుని టైపు చేసినవి. 124/2 అన్నది 124-2 అనో, ఉత్త 124 అనో ఎక్కి ఉండొచ్చు, గ్రామం పేరు పక్క గ్రామంగా పడి ఉండొచ్చు. సర్వే నంబరుతో తీసిన ఈసీలో మీ దస్తావేజు కనిపించకపోతే దస్తావేజు లేదని కాదు, ఇండెక్సులో తప్పు పడిందని అర్థం. నంబరుతో తీస్తే వస్తుంది. అప్పుడు ఆ నంబరు ఈసీ, సర్టిఫైడ్ నకలు జతచేసి ఇండెక్సు సరిచేయమని సబ్ రిజిస్ట్రార్‌కు అర్జీ ఇవ్వండి. ఇది చిన్న పని అని వదిలేయొద్దు. రేపు ఆ పొలం కొనబోయే మూడో మనిషి చూసేది సర్వే నంబరు ఈసీనే. ఇంకొకటి, మీ గ్రామం ఈ మధ్యలో ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసు పరిధి నుంచి మరోదానికి మారి ఉంటే పాత వాల్యూములు పాత ఆఫీసులోనే ఉండొచ్చు. దస్తావేజు మీద సీలు ఏ ఆఫీసుదో చూసి అక్కడికే వెళ్లండి.

ఈసీ చెప్పనివి కూడా ఉన్నాయి. రిజిస్టరు కాని ఒప్పందాలు, నోటిమాట పంపకాలు, నడుస్తున్న కోర్టు కేసులు అందులో రావు. ఈసీలో ఏమీ లేదు కాబట్టి ఏ చిక్కూ లేదు అనుకోవడం పొరపాటు.

రెవెన్యూ వైపు కావలసినవి: ప్రస్తుత 1బీ, అడంగల్ (ఏటా రాసే సాగు లెక్క), ఆర్ఎస్ఆర్ నకలు, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు. ఆర్ఎస్ఆర్ అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అన్నిటికీ మూలం అదే. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి పాతవాళ్లు డైగ్లాట్ అంటారు. ఆ సర్వే నంబరు జిరాయితీయా (రైతు సొంత పట్టా భూమి), ప్రభుత్వమా, ఇనామా అన్నది అందులో చూడాలి. పట్టాదారు పేరుండాల్సిన గడిలో ఉత్త చుక్కలే ఉంటే అది చుక్కల భూమి, దాని దారి వేరు, 2017లో ప్రత్యేక చట్టమే వచ్చింది. మీది జిరాయితీ అయితే ఈ బాధ లేదు. అదే చేత్తో 22ఏ నిషేధ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) మీ సర్వే నంబరు ఉందేమో చూడండి. ఒక్కోసారి నంబరులో కొంత భాగం ప్రభుత్వ భూమి అయినందుకు మొత్తం నంబరే జాబితాలో పడుతుంది.

అడంగల్ తీసినప్పుడు చాలామంది పట్టాదారు పేరు చూసి మడిచి పెట్టేస్తారు. పక్క గడులు కూడా చదవాలి: అనుభవదారు పేరు, అనుభవ విస్తీర్ణం, అనుభవ స్వభావం. 1996 తర్వాతి ఏదో ఒక సంవత్సరం అడంగల్‌లో అనుభవదారు గడిలో మీ నాన్నగారి పేరు, స్వభావం గడిలో "కొనుగోలు" అని ఉంటే అది బంగారంలాంటి కాగితం. పట్టాదారు గడి మారకపోయినా, ఊళ్లో కూర్చుని లెక్క రాసినాయన మీ సాగును చూసి రాశాడని అర్థం. కాబట్టి 1996 నుంచి కంప్యూటర్ లెక్కలు వచ్చేవరకు చేతిరాత అడంగళ్ల సర్టిఫైడ్ నకళ్లు ప్రతి సంవత్సరానివీ అడగండి. రికార్డు రూములో వెతికేందుకు బద్ధకించి "లేవు" అంటే సమాచార హక్కు అర్జీ పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలే, గడువు 30 రోజులు. నకళ్లు అడగడంతో పాటు "రికార్డును స్వయంగా పరిశీలించడానికి అవకాశం ఇవ్వండి" అన్న వాక్యం కూడా రాయండి. మొదటి గంటకు రుసుము లేదు. ఎదురుగా పుస్తకం ఉంటే "లేదు" అన్న మాట రాదు.

ఇదే అర్జీలో 2016 నాటి వారసత్వం మ్యుటేషన్ ఫైలు కూడా మొత్తం అడగాలి: అర్జీ, వీఆర్వో రిపోర్టు, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ఫారం 8 నోటీసు, అది ఎవరెవరికి అందిందన్న సంతకాలు, చివరి ప్రొసీడింగ్స్. మీ కేసు బలమంతా ఈ ఫైలులోనే ఉండొచ్చు. ఆర్ఓఆర్ చట్టం సెక్షన్ 5(3) ప్రకారం పేరు మార్చే ముందు సంబంధం ఉన్నవాళ్లకు నోటీసు ఇవ్వాలి. పొలంలో సాగులో ఉన్న మీ నాన్నగారికి అప్పుడు నోటీసు రాలేదంటే, వీఆర్వో పొలానికి వెళ్లి చూడకుండానే రిపోర్టు రాశాడంటే, ఆ ఆర్డరు నిలబడదు. ఫైలు నంబరు పక్కన ఉండే అక్షరాలు కూడా గమనించండి. ఆర్.డిస్ అని ముగించిన ఫైలు శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్ అయితే పదేళ్లు, ఎల్.డిస్ అయితే ఒక్క ఏడాది. 2016 ఫైలు డి.డిస్ కింద ముగిసి ఉంటే దాని కాలం తీరే సమయం దగ్గరపడి ఉంటుంది, తీరిపోయి కూడా ఉండొచ్చు. అందుకే మిగతా పనులకంటే ముందు ఈ అర్జీ ఈ వారంలోనే పడాలి అంటున్నాను.

ఇప్పుడు అసలు చిక్కు, విస్తీర్ణం. మీరు చెప్పిన అంకెలు చూస్తే 124/2లో ఆర్ఎస్ఆర్ ప్రకారం మొత్తం 3 ఎకరాల 10 సెంట్లు. అందులో మీ నాన్నగారు కొన్నది 1.42, అమ్మినాయనకు మిగిలింది 1.68. కానీ కొడుకులిద్దరికీ చెరో 1.55 ఎక్కింది, అంటే మొత్తం 3.10 వాళ్ల మీదే ఉంది. కంప్యూటర్ రికార్డు సర్వే నంబరు మొత్తానికి మించి ఒక్క సెంటు కూడా కొత్తగా ఎక్కించనివ్వదు. మీరు ఉత్త మ్యుటేషన్ అర్జీ పెడితే "విస్తీర్ణం అందుబాటులో లేదు" అని వెనక్కు వస్తుంది. ఆఫీసులో మిమ్మల్ని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పొమ్మనడానికి కారణం బహుశా ఇదే. కంప్యూటర్ ఒప్పుకోని పనిని ఎలా చెప్పాలో తెలియక అలా తిప్పుతారు. కాబట్టి మీరు అడగాల్సింది రెండు భాగాలుగా ఉండాలి. ఒకటి, ఇద్దరి ఖాతాల నుంచి చెరో 71 సెంట్లు తగ్గించడం. రెండు, ఆ 1.42ను మీ ఖాతాలో చేర్చడం. మొదటిది కాకుండా రెండోది కాదు.

తహసీల్దార్ మొదటిదాన్ని తానే చేయగలడా? అక్షర దోషాలు, గుమాస్తా తప్పులు దిద్దే అధికారం ఆయనకు ఉంది. కానీ నోటీసు ఇచ్చి, విచారించి వేసిన ఆర్డరును అదే ఆఫీసు తిరగదోడలేదు. ఆర్ఓఆర్ చట్టంలో తహసీల్దార్‌కు తన ఆర్డరును పునఃసమీక్షించే అధికారం ఇవ్వలేదు. కొడుకులిద్దరూ ఒప్పుకుని వాంగ్మూలం ఇస్తే, మీ దస్తావేజు ఆధారంగా కొత్త మ్యుటేషన్ కింద 1.42 తగ్గించి ఎక్కించవచ్చు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒప్పుకోకపోతే 2016 ఆర్డరు మీద అప్పీలు వేయాలి. సెక్షన్ 5(5) కింద అప్పీలు ఆర్డీవో దగ్గర, గడువు ఆర్డరు మీకు తెలియజేసిన తేదీ నుంచి 60 రోజులు. మీకు ఎవరూ తెలియజేయలేదు కాబట్టి సర్టిఫైడ్ నకలు చేతికి వచ్చిన తేదీని చూపించి, దానితో పాటు ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్, అఫిడవిట్ తప్పనిసరిగా జతచేయండి. ఆ పిటిషన్ లేక మంచి కేసులు గడపలోనే పోయాయి. అప్పీలు వినే అధికారి ఎవరన్నది మధ్యలో మారిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి వేసే రోజున కలెక్టరేట్‌లో ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి. ఆపైన సెక్షన్ 9 కింద రివిజన్, అది కలెక్టరు అధికారం, మామూలుగా జాయింట్ కలెక్టర్ వింటారు.

అర్జీని గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ పెట్టవచ్చు. ఆన్‌లైన్ అర్జీలో రాయడానికి చోటు తక్కువ. అందుకని ఒక పూర్తి అర్జీని తెల్లకాగితం మీద రాసి, దాన్నే స్కాన్ చేయించి జతచేయండి. రెండో ప్రతిని తహసీల్దార్ ఆఫీసు ఇన్వర్డ్‌లో ఇచ్చి మీ కాపీ మీద తేదీ సీలు వేయించుకోండి. అందులో వరుస ఇలా ఉంటే చదివేవాళ్లకు తేలిక: గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా చెక్కుబందీ, ఆపైన దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు, ఆపైన సాగు వివరాలు, ఆపైన రికార్డులో తప్పు ఎక్కడ పడింది, చివరగా ఏం చేయమంటున్నారు. బాధ, కోపం, ఎవరి మీదా ఆరోపణ అర్జీలో వద్దు. ఆరోపణ కనిపించగానే ఆఫీసు దాన్ని "తగాదా ఉంది, సివిల్ కోర్టుకు వెళ్లండి" అని ముగించేస్తుంది. మీ దగ్గర రిజిస్టర్డ్ దస్తావేజు ఉంది, అవతలివాళ్ల దగ్గర దానికి ఎదురుగా నిలిచే కాగితం లేదు. అందుచేత దీన్ని రికార్డు సవరణగానే చూపించాలి.

మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే ఇంకో మెలిక ఉంది. పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు (రీసర్వేలో ఒక్కో భూమి ముక్కకు ఇచ్చిన కొత్త నంబర్లు) వచ్చి ఉంటాయి. మీ దస్తావేజులో 124/2 ఉంటుంది, 1బీలో ఏదో మూడంకెల ఎల్‌పీఎం ఉంటుంది. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపించే పట్టిక గ్రామ సర్వేయర్ దగ్గర ఉంటుంది, దాని నకలు తీసుకుని అర్జీకి జతచేయండి. రీసర్వే గట్ల ప్రకారం కొలుస్తుంది కాబట్టి మీ సాగు ముక్క ఒక్కటే విడి ఎల్‌పీఎంగా పడి ఉంటే మీకు మేలే.

రీసర్వే కాకపోతే సబ్ డివిజన్, అంటే సర్వే నంబరును విడగొట్టడం, కావాలి. 1996 దస్తావేజులో "124/2లో తూర్పు వైపు 1.42" అని మాత్రమే ఉండి, 124/2ఏ, 124/2బీ అని విడగొట్టకపోతే, కాగితం మీద ఎక్కిన పేరు నేల మీద ఎక్కడుందో రికార్డుకు తెలియదు. మండల సర్వేయర్ వచ్చి కొలవడానికి ఎఫ్-లైన్ (హద్దుల కొలత) అర్జీ పెట్టి చలానా కట్టాలి. నోటీసులు పక్క రైతులందరికీ వెళ్లాయో లేదో మీరే కనుక్కోండి. ఒక్క పక్క రైతుకు నోటీసు అందకపోయినా కొలత మళ్లీ మొదటికి వస్తుంది. పాత ఎఫ్ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. ఒక లింకు 7.92 అంగుళాలు, 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ లెక్క తెలిసి ఉంటే సర్వేయర్ చెప్పే అంకెలు అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. నీళ్లు పెట్టిన మడిలో కొలత కుదరదు, కాబట్టి డెల్టాలో ఈ పని వరి కోతలయ్యాక పెట్టుకోవాలి. మధ్యలో గట్టు జరిగి 1.42 కాస్తా 1.38 వస్తే, 1.42కే పట్టుబట్టకండి. దస్తావేజులో చెక్కుబందీ స్పష్టంగా ఉంటే సాధారణంగా విస్తీర్ణం అంకె కంటే హద్దులకే బలం ఎక్కువ. కొలిచిన రోజు సర్వేయర్ రాసే పంచనామా, స్కెచ్ రెండింటి మీదా అందరి సంతకాలు పడేలా చూడండి.

మీ నాన్నగారు లేరు కాబట్టి ఎవరి పేరు మీద ఎక్కించాలన్నది తర్వాతి మాట. పోయినవాళ్ల పేరు మీద కొత్తగా పాస్ పుస్తకం ఇవ్వరు. కొనుగోలు ఆయనకు, వారసత్వం మీకు, రెండు మెట్లూ అర్జీలో చూపాలి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కావాలి. ఇక్కడ తరచుగా ఒక తప్పు జరుగుతుంది. పొలం ఆయన స్వార్జితం, వీలునామా లేదు అంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు 2021లో మీ నాయనమ్మ బతికి ఉంటే ఆమెకు కూడా సమాన వాటా ఉంటుంది. ఆమె పేరు రాయకుండా తెచ్చిన కుటుంబ పత్రం రేపు మీ మేనత్తలు, బాబాయిలు ప్రశ్నిస్తే పడిపోతుంది. మీ అక్కచెల్లెళ్ల పేర్లు కూడా, పెళ్లయి వెళ్లారని వదిలేయకుండా రాయండి. అందరి పేర్లూ ఉమ్మడిగా ఎక్కించుకోవచ్చు. ఒక్కరి పేరు మీదే కావాలంటే మిగతావాళ్లు రిజిస్టర్డ్ భాగపంపిణీ దస్తావేజు గానీ హక్కు విడుదల దస్తావేజు గానీ రాయాలి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న "సమ్మతి" దానికి సరిపోదు.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఇందుకోసం విమానం ఎక్కక్కర్లేదు. మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. అది ఇక్కడికి చేరిన తేదీ నుంచి మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి. కవరు మీద తపాలా తేదీ కనిపిస్తుంది కాబట్టి ఆ కవరు పారేయొద్దు. పవర్‌లో "నా తరఫున అన్ని పనులు" అని గుండుగుత్తగా రాస్తే చాలదు. గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, మ్యుటేషన్ అర్జీ, అప్పీలు, వాంగ్మూలం, సర్వే హాజరు, దస్తావేజు రిజిస్ట్రేషన్ అని విడివిడిగా ఉండాలి.

ఈలోగా ఆ కొడుకుల్లో ఎవరైనా పొలం అమ్మబోతే? 1బీలో పేరుంది కాబట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడ్డు రాకపోవచ్చు. మీరు ఇచ్చే అభ్యంతర పత్రం ఒక్కటే ఆధారంగా సబ్ రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ ఆపలేడు, కోర్టు ఉత్తర్వు కావాలి. అయినా మీకు రక్షణ ఉంది. 1996లో తాను అమ్మేసిన భూమిని తండ్రి కొడుకులకు మిగల్చలేడు, తమకు లేనిదాన్ని కొడుకులు ఇంకొకరికి ఇవ్వలేరు. రిజిస్టరైన దస్తావేజు అందరికీ తెలిసినట్టే లెక్క, "మాకు తెలియదు" అని కొన్నవాళ్లు అనలేరు. ఇండెక్సు సరిచేయించుకోమని పైన అంత గట్టిగా చెప్పింది ఇందుకే. నిజంగా బేరం నడుస్తోందని తెలిస్తే ఆగకుండా సివిల్ కోర్టులో హక్కు ప్రకటన దావా, ఇంజంక్షన్ వేయండి. హక్కు ప్రకటన దావాకు గడువు మూడేళ్లు, మీ హక్కును అవతలివాళ్లు కాదన్న సంగతి మీకు మొదట తెలిసిన నాటి నుంచి లెక్క. 1బీ తీసి ఈ పేర్లు చూసిన తేదీని ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ఆ ప్రింటు మీద తేదీ ఉంటుంది. దావా గెలిస్తే ఆ డిక్రీ ప్రకారం రికార్డు మార్చమని తహసీల్దార్‌కు అర్జీ ఇవ్వవచ్చు, అప్పుడు ఆయన మళ్లీ హక్కు విచారించక్కర్లేదు.

బ్యాంకు అప్పు సంగతి కూడా చూడండి. కొడుకుల ఖాతా మీద పంట రుణం ఉంటే కంప్యూటర్ రికార్డులో బ్యాంకు ఛార్జి పడి ఉంటుంది, అది తీరేదాకా ఆ ఖాతా నుంచి విస్తీర్ణం తగ్గించడం కుదరదంటారు. వాళ్లతో రాజీ కుదిరితే రాజీ మాటల్లోనే "ఫలానా తేదీలోపు అప్పు తీర్చి ఛార్జి తీయించాలి" అన్నది రాయించండి. లేకపోతే సంతకాలయ్యాక కూడా పని అక్కడే ఆగుతుంది.

ఇక ఇల్లు. గ్రామకంఠంలోని (ఊరి ఇళ్లకు వదిలిన స్థలంలోని) ఇళ్ల స్థలాలకు రెవెన్యూ రికార్డులో మనిషి పేరు ఉండదు. ఆర్ఎస్ఆర్‌లో ఆ నంబరు ఎదురుగా ఒక్క ముక్కలో "గ్రామకంఠం" అని ఉంటుంది. అందుకే ఊళ్లో ఇంటి మీద 1బీ అడిగితే రాదు. అక్కడ ఉన్న రికార్డల్లా పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరే. పన్ను రసీదు హక్కు పత్రం కాదు, కానీ ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో మీరే ఉన్నారనడానికి మంచి ఆధారం. పాత రసీదులు వరుస తప్పకుండా దాచండి. పంచాయతీ కార్యదర్శి దగ్గర ఆస్తి మదింపు రిజిస్టరు నకలు తీసుకుని, డోరు నంబరు, అసెస్‌మెంట్ నంబరు, కొలతలు సరిగా ఉన్నాయో చూడండి. ఇంట్లో వెనక వేసిన రేకుల షెడ్డు, పక్కన ఖాళీ స్థలం రిజిస్టరులో లేకపోతే రేపు అవి ఎవరివన్న ప్రశ్న వస్తుంది. నాన్నగారి పేరు మార్పుకు మరణ ధ్రువీకరణ, కుటుంబ పత్రం ఇచ్చి అర్జీ పెట్టండి, ఇది పొలం అంత కష్టం కాదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద ఊరి ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి పత్రాలు ఇస్తున్నారు. మీ ఊళ్లో ఆ కొలత అయ్యుంటే ముసాయిదా జాబితా పంచాయతీలో పెడతారు, అందులో మీ హద్దులు చూసుకుని తప్పుంటే గడువులోపే రాతపూర్వకంగా చెప్పండి.

ఇదంతా ఆంధ్రప్రదేశ్ పద్ధతి. చదివేవాళ్లలో తెలంగాణవారు ఉంటే వాళ్లకు ఈ సెక్షన్లు పనికిరావు. అక్కడ 2020 అక్టోబరు 29 నుంచి ధరణి పోర్టల్‌లో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ దగ్గరే ఒకేరోజు జరిగాయి, 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణి చట్టంలో లేకుండా పోయిన అప్పీలు దారి అందులో మళ్లీ ఉంది. మూలరికార్డుగా అక్కడ చూసేది సేత్వారు (తొలి సర్వే లెక్క), 1954-55 ఖాస్రా పహాణీ (పహాణీ అంటే అడంగల్ లాంటిదే).

ఆర్డరు మీకు అనుకూలంగా వచ్చిన రోజు పని సగమే అయినట్టు. ప్రొసీడింగ్స్ కాగితం మీద పడినా కంప్యూటర్లో ఎక్కడానికి తహసీల్దార్ డిజిటల్ సంతకం పడాలి, అది వారాలు ఆగిపోవచ్చు. అది పడ్డాక ఒకే రోజున 1బీ, అడంగల్, ఈసీ మూడూ తీయించి పక్కపక్కన పెట్టండి. పేరు, తండ్రి పేరు అక్షరం అక్షరం ఆధార్‌తో కలవాలి. అడంగల్‌లో అనుభవదారు గడి మారిందా, ఉత్త పట్టాదారు గడే మారిందా చూడండి. కొడుకులిద్దరి ఖాతాలు కూడా తీయించి చెరో 84 సెంట్లకు దిగాయో లేదో చూడండి. అక్కడ తగ్గకుండా మీ దగ్గర పెరిగితే మళ్లీ అదే తప్పు ఇంకో రూపంలో ఉన్నట్టు, ఆ వారంలోనే రాతపూర్వకంగా చెప్పాలి.